కారవాన్ నీళ్ళకు జవాబుదారు

కారవాన్‌లో మంచినీళ్ళ ట్యాంకు నిర్వహణ గురించి ఈ చుట్టుపక్కల నా అంతటి నిపుణుడు లేడు. ఈ మాట నేను అనడం లేదు. మా ఉత్తర తీర విహార సంస్థ డైరెక్టరు గారు శాలువా కప్పుతూ సభాముఖంగా అన్నారు. సంస్థలో ఉన్న కారవాన్ ఒక్కటేననీ, దాని ట్యాంకుకు అధికారిని నేనొక్కణ్ణేననీ ఆయన సభకు చెప్పలేదు. నేనూ గుర్తు చేయలేదు.

డైరెక్టరు గారు ఏదో పర్యాటక సదస్సుకు వెళ్ళి, హోటళ్ళ కాలం చెల్లిపోయిందనీ, మనిషి ఇంటిని చక్రాల మీద పెట్టుకుని తిరిగే రోజులొచ్చాయనీ తెలుసుకుని వచ్చారు. కొద్ది నెలల్లోనే విశాఖపట్నంలోని మా ఆఫీసు ఆవరణలోకి బస్సంత బండి ఒకటి వచ్చి నిలబడింది. లోపల మంచాలు, వంటగట్టు, టీవీ, ఓ మూల స్నానానికీ మరుగుదొడ్డికీ కలిపి ఒక గది. ఆఫీసర్లందరూ ఎక్కి మంచాల మీద కూర్చుని మెత్తదనం పరీక్షించారు. కొందరు పడుకుని కూడా పరీక్షించారు. నాకు కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఊరికే నిలబడితే బాగుండదని, బండి తెచ్చిన కంపెనీ మనిషిని ఒక ప్రశ్న అడిగాను.

"ఇందులోకి నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయండీ?"

అంతే. మంచాల మీద పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. డైరెక్టరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "చూశారా, ఇంతమందిలో ఒక్క నరహరి గారికే అసలు విషయం పట్టింది" అన్నారు. సాయంత్రానికల్లా నన్ను ట్యాంకు నిర్వహణాధికారిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఇన్నేళ్ళ నౌకరీలో ఆఫీసులో ప్రశ్నలు అడగకూడదన్న ఇంగితం కాపాడుకుంటూ వచ్చినవాణ్ణి, మంచం మీద చోటు దొరకలేదని నోరు జారాను.

సరే, నేర్చుకున్నాను. బండి నేల కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్ళది. చిన్న మోటారు అందులోంచి నీళ్ళు తోడి కుళాయిలకు ఇస్తుంది. రెండోది వాడిన నీళ్ళది, గిన్నెలు కడిగినవీ స్నానం చేసినవీ అందులోకి పోతాయి. మూడోది మరుగుదొడ్డిది. మంచినీళ్ళ ట్యాంకును మధ్యమధ్య బ్లీచింగుతో కడగాలి, నీళ్ళు రోజుల తరబడి నిలవ ఉంచకూడదు, నింపిన ట్యాంకు బరువు కాబట్టి కొండ ఎక్కేటప్పుడు డ్రైవరు చూసుకుని నడపాలి. నీళ్ళెంత ఉన్నాయో చూపించడానికి గోడ మీద వరసగా దీపాలున్న గేజి ఒకటి ఉంటుంది.

ఇవన్నీ ఇంట్లో మా ఆవిడ ఇందుమతికి రోజూ వినిపించేవాణ్ణి. ఆమె వింటూ నీళ్ళు తాగుతూ ఉండేది. నా ఉపన్యాసం వల్ల కాదు. ఆమె ఎడమ మూత్రపిండంలో రాయి ఉంది. చిన్నదే, నీళ్ళు ఆపకుండా తాగుతుంటే దానంతటదే పడిపోతుంది, తాగడం మానితే మాత్రం అడ్డం తిరిగి ఆపరేషన్ దాకా పోతుంది అని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. అందుకని ఆమె ఏ గదిలోకి వెళ్ళినా చేతిలో నీళ్ళ సీసా ఉండేది.

"మీ బండి అరకు వెళ్తుందా?" అని అడిగింది ఒక రోజు.

"అరకు కోసమే కొన్నది."

"కొండవాలంతా పసుపుగా వలిసె పూలు పూసినప్పుడు ఒకసారి తీసుకెళ్ళండి. పెళ్ళయిన కొత్తలో తీసుకెళ్తానన్నారు."

తీసుకెళ్తానని మళ్ళీ అన్నాను.

మొదటి ప్రయాణం చక్కగా జరిగింది. ఎవరో కుటుంబం అరకు వెళ్ళి, ఆనందంగా తిరిగొచ్చి, మెచ్చుకుంటూ వెళ్ళిపోయారు. మర్నాడు ఆడిట్ అధికారి చెరుకుమిల్లి విశ్వపతి గారు నన్ను పిలిపించారు. విశ్వపతి గారు నెమ్మదిగా మాట్లాడతారు. ఆయన మాట్లాడుతుంటే కాగితం చదువుతున్నట్టుంటుంది, చేతిలో కాగితం లేకపోయినా.

"నరహరి గారూ, సదరు వాహనం బయలుదేరునప్పుడు మంచినీటి ట్యాంకు నిండుగా ఉన్నది. తిరిగి వచ్చినప్పుడు ఖాళీగా ఉన్నది. మిగిలిన రెండు ట్యాంకులలో చేరిన నీరు, జారీ చేసిన నీటికంటే తక్కువగా ఉన్నది. మధ్యలోని నీరు ఏమైనదో తెలియజేయగలరు."

"తాగి ఉంటారండీ."

"ఉంటారు అనునది ఊహ. ఆధారం కావలెను."

ఇక్కడ నేను ఊరుకుని ఉంటే కథ ఇంతటితో అయిపోయేది. ఒక మెమో, ఒక సంజాయిషీ, అందరం సుఖంగా ఉండేవాళ్ళం. కానీ నాకు తెలివి ఉంది. ఎక్కడ అక్కర్లేదో అక్కడే అది పనిచేస్తుంది. "ఆధారం ఎందుకు ఉండదండీ. తాగిన నీళ్ళు తాగినవాళ్ళలోనే ఉంటాయి. ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి అతిథులను తూచితే సరి" అన్నాను.

నేను హాస్యమాడాననే ఇప్పటికీ నా నమ్మకం. విశ్వపతి గారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అత్యంత శాస్త్రీయమైన ప్రతిపాదన" అన్నారు. ఆ పొగడ్త విన్నాక అది హాస్యమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

మార్కెట్ యార్డు నుంచి బస్తాలు తూచే కాటా ఒకటి తెప్పించి కారవాన్ గుమ్మం ముందు పెట్టించాం. తరవాత వచ్చినవారు అనకాపల్లి బెల్లం వర్తకుడి కుటుంబం. ఆయన జీవితమంతా బెల్లం తూచినవాడు కాబట్టి మమ్మల్ని ఏమీ అడక్కుండా కాటా ఎక్కి నిలబడ్డాడు. ముల్లు చూసుకుని, "గోనె బరువు తీసెయ్యండి బాబూ" అన్నాడు. బట్టల బరువు తీసేశాం.

వాళ్ళు తిరిగి వచ్చాక తూస్తే అందరూ బరువు పెరిగారు. ట్యాంకులోంచి పోయిన నీళ్ళకంటే వాళ్ళలో చేరింది ఎక్కువగా తేలింది. దారిలో వెదురుబొంగులో కాల్చిన బొంగు కోడి తిన్నామని వర్తకుడు ఒప్పుకున్నాడు. ఆయన భార్య మాత్రం, పిల్లవాడు దారంతా ఏడ్చాడనీ, వాడి బరువు తగ్గి ఉండాలనీ వాదించింది. ఏడిస్తే నీళ్ళు పోతాయన్న సంగతి మా లెక్కలో లేదు. చెమట సంగతీ లేదు. నేను ఆ లోపాలన్నీ సవరిస్తూ కొత్త నియమాలు రాశాను. ప్రయాణంలో బయటి తిండి తినరాదు. చెమట పట్టకుండా ఏసీ వేసి కిటికీలు మూసి ఉంచాలి. పిల్లలను ఏడిపించరాదు. మూడు ట్యాంకులనూ ఖాళీ చేసేటప్పుడు, లోపల పడిన చెంచాలూ పళ్ళు తోముకునే బ్రష్షులూ లాంటి సంస్థ సొత్తు కొట్టుకుపోకుండా సన్నని జల్లెడ పట్టాలి. ఈ ఆఖరి నియమం మీద నాకు ప్రత్యేకంగా గర్వం ఉండేది. ఇది తరవాత నాకే తగులుతుంది, గుర్తుంచుకోండి.

మూడో ప్రయాణంలో ఇంకా పెద్ద విపత్తు వచ్చింది. మరుగుదొడ్డి ట్యాంకులో ఉండవలసినదానికంటే ఎక్కువ నీరు తేలింది. నేను సంతోషించాను. విశ్వపతి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"లోటు కంటే మిగులు తీవ్రమైనది నరహరి గారూ. లోటు అజాగ్రత్త. మిగులు అనుమానాస్పదం. సంస్థ జారీ చేయని నీరు సంస్థ ట్యాంకులోకి ఎట్లు వచ్చినది?"

విచారణలో తేలిందేమంటే, ఈసారి ప్రయాణించిన పెద్దమనిషి బండి ఎక్కేముందు ఇంట్లో కాఫీ తాగాడు. అది బయటి నీరు. ప్రైవేటు నీటిని ప్రభుత్వ ట్యాంకులో వదలడానికి ఏ నిబంధనా ఒప్పుకోదు. కాబట్టి ఎక్కేముందు ప్రతి అతిథీ మా ఆఫీసు మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చి, తనలో బయటి నీరు ఏమీ లేదని సంతకం పెట్టాలన్నాం. దానికి ఖాళీ ధ్రువీకరణ అని పేరు పెట్టింది నేనే. అతిథులు తమ వెంట నీళ్ళ సీసాలు తెచ్చుకోవడం కూడా నిషేధించాం.

ఆ తరవాత నీటి లెక్కలో తేడా అన్నది పూర్తిగా ఆగిపోయింది, ఎందుకంటే బండి ఎక్కేవాళ్ళు లేరు. డైరెక్టరు గారు దీన్ని విజయంగా ప్రకటించారు. "ప్రతి నీటి బిందువూ ప్రజల సొత్తు. బిందువు బిందువుకూ జవాబుదారీ మా విధానం" అని సభలో అన్నారు. నాకు శాలువా కప్పింది ఆ సభలోనే. నేను కూడా ఆదర్శంగా ఉండాలి కదా అని ఆఫీసులో మంచినీళ్ళు తాగడం మానేశాను. నా బల్ల మీద గ్లాసు బోర్లించి ఉండేది. వచ్చేపోయేవాళ్ళు దాన్ని చూసి తలూపి వెళ్ళేవారు. నేను లోలోపల పొంగిపోయేవాణ్ణి.

ఇంతలో పైనుంచి, కారవాన్ ఎందుకు కదలడం లేదని ప్రశ్న వచ్చింది. డైరెక్టరు గారు ఆలోచించి, సిబ్బందిలో ఒకరు సతీసమేతంగా ఆదర్శ ప్రయాణం చేసి చూపించాలన్నారు. నీటిలో ఏ తేడా లేకుండా వెళ్ళి వస్తే, ఖాళీగా ఉన్న మేనేజరు కుర్చీ వారికే అన్నట్టు నా వైపు చూశారు. పరిశీలకులుగా విశ్వపతి గారు వెంట వస్తారన్నారు.

మేనేజరు కుర్చీ మా ఆఫీసులో తిరిగే కుర్చీ. నేనెన్నో ఏళ్ళుగా తిరగని కుర్చీలో కూర్చుని దాన్ని చూస్తున్నాను. ఆ రాత్రంతా మేధస్సు నూరి, తెల్లారేసరికి అసలైన పరిష్కారం కనిపెట్టాను. నీళ్ళు వాడితే కదా తేడా వచ్చేది. కుళాయిలన్నిటికీ లక్క ముద్ర వేసేస్తే ట్యాంకు నిండుగా వెళ్ళి నిండుగా వస్తుంది. విశ్వపతి గారు ఈ మాట వినగానే నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. అది కూడా లెక్కలోకి వస్తుందేమోనని వెంటనే తుడుచుకున్నారు.

ఇందుమతికి ప్రయాణం సంగతి చెప్పాను. ముఖం వెలిగింది. ఆ తరవాత అడిగింది.

"బండిలో నీళ్ళుంటాయా?"

"నిండా ఉంటాయి. నీళ్ళ మీదే కూర్చుని వెళ్తావు."

"తాగడానికండీ?"

నేను గొంతు సవరించుకుని నియమాలు వివరించాను. మధ్యాహ్నానికల్లా చేరిపోతామనీ, అక్కడ గెస్టుహౌసులో కావలసినన్ని నీళ్ళు తాగవచ్చనీ, ఆ కాస్సేపట్లో రాయి ఎక్కడికీ పోదనీ చెప్పాను.

"అది పోవాలనే కదా తాగుతున్నది" అంది. సీసా మూత బిగిస్తూ, "సరే లెండి. పూలు ఉండేది ఈ నెలే" అంది.

ఆ రోజు పొద్దున్నే ట్యాంకు కడిగించి కొత్త నీళ్ళు పట్టించాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. ఇందుమతి కాటా ఎక్కింది, సంతకం పెట్టింది. అలవాటుగా చేతిలో నీళ్ళ సీసా ఉంది. విశ్వపతి గారు మర్యాదగా, "అమ్మా, సదరు సీసా బయటి నీరు" అన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను ఆ సీసా తీసుకుని ఆఫీసు పిట్టగోడ మీద పెట్టాను. బండి కదిలి గేటు దాటేదాకా అది నాకు అద్దంలో కనిపిస్తూనే ఉంది.

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే గేజిలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. విశ్వపతి గారు కంగారుపడ్డారు. ముద్రలన్నీ సరిగానే ఉన్నాయి, నీళ్ళు ఎటు పోతున్నాయన్నారు. బండి ఎత్తు ఎక్కుతుంటే పైన వదిలిన వెలితి మేర నీళ్ళు వెనక్కి ఒరుగుతాయనీ, గేజి తీగ ట్యాంకు ముందువైపు ఉంది కాబట్టి తక్కువ చూపిస్తుందనీ చెప్పాను. ఆయన నమ్మలేదు. బండి ఆపించి, నా సంచిలోంచి తాపీమేస్త్రీలు వాడే రసమట్టం తీసి నేల మీద పెట్టి, వాలు చూపించాను. రసమట్టం వెంట తెచ్చుకున్నందుకు నన్ను అభినందించారు. తాగడానికి నీళ్ళు తప్ప నా సంచిలో అన్నీ ఉన్నాయి.

ఇంకో నాలుగు మలుపులు తిరిగామో లేదో బండి ఆగిపోయింది. డ్రైవరు సన్యాసిరావు దిగి, ముందుకు వెళ్ళి చూసి వచ్చాడు.

"బాబూ, పై మలుపుకాడ లారీ అడ్డంగా ఒరిగిపోనాది. పైకి నేదు, కిందికి నేదు. కిరేను రావాల. ఇప్పుడప్పుడే తెమిలేలా అవుపడట్లేదు."

మా వెనక ఒక బస్సు, దాని వెనక జీపులు వచ్చి నిలబడ్డాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంజను ఆపేయడంతో ఏసీ ఆగింది, కిటికీలు తెరిచాం. చెమట లెక్క సంగతి విశ్వపతి గారు ఎత్తలేదు. ఆయన అప్పటికే వేరే ఇబ్బందిలో ఉన్నారు. కాలు మీద కాలు వేసుకుని, కిటికీలోంచి కొండను చూస్తూ, ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టు పెదవులు కదుపుతున్నారు. పొద్దున్నే ఇంట్లో ఆయనకు వాళ్ళావిడ చెంబెడు మజ్జిగ ఇచ్చిందట. ఖాళీ ధ్రువీకరణ మీద సంతకం మాత్రం అందరికంటే ముందు ఆయనే పెట్టారు.

ఇందుమతి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అక్కడ చూడటానికి రాతిగోడ తప్ప ఏమీ లేదు. చీర చెంగు గుప్పిట్లో నలుపుతోంది.

"నొప్పా?" అన్నాను.

"లేదు లెండి."

కాసేపటికి నుదురు కిటికీ అంచుకు ఆనించింది. మెడ మీద చెమట పట్టింది. నాకు భయం వేసింది. ఆమె నొప్పిని చూసి కాదు, ఆమె నీళ్ళు అడగనందుకు. ఇంట్లో ఉప్పు తక్కువైతే నాలుగు మాటలు అనే మనిషి, ఇంత నొప్పిలో నోరు విప్పడం లేదు. నేను దగ్గరికి వెళ్ళి వంగితే, నెమ్మదిగా, విశ్వపతి గారికి వినిపించకుండా అంది.

"మీ మేనేజరు పని అయిపోయాక ఒక్క గ్లాసు ఇప్పించండి. అప్పటిదాకా ఓర్చుకుంటాను."

అందులో వెటకారం లేదు. ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. ఇంత చెప్పాక ఇదీ చెప్పేస్తాను, ఆ మాట విన్నాక కూడా నేను ఒకసారి గేజి వైపు చూశాను. వెలుగుతున్నవి రెండే దీపాలు. మిగతా నీళ్ళు మా కాళ్ళ కింద, వెనకవైపుకు ఒరిగి, ట్యాంకు నిండా ఉన్నాయి. ఆ ట్యాంకు ఎలా కడగాలో, ఎలా నింపాలో, ఎలా తూచాలో, దాన్నిండా ఉన్న నీళ్ళు మనిషి నోట పడకుండా ఎలా చూసుకోవాలో నాకు తెలుసు. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

వంటగట్టు మీది ఇత్తడి గ్లాసు తీసుకుని దాని అడుగుతో కుళాయి మీది ముద్రను కొట్టాను. లక్క పగిలి నేల మీద పడింది.

"నరహరి గారూ" అన్నారు విశ్వపతి గారు, కదలకుండా, ఎందుకంటే కదిలే స్థితిలో లేరు. "ఆ ముద్ర సంస్థది."

"భార్య నాదండీ" అన్నాను.

ఇందుమతి మొదటి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది. తరవాత ఇంకోటి. ఆమె తాగుతూ ఉంటే నేను పట్టి ఇస్తూనే ఉన్నాను. ఆ కుళాయి చప్పుడు తెరిచిన కిటికీలోంచి బయటికి వినిపించినట్టుంది. వెనక బస్సులోంచి దిగిన ఒకావిడ చంకలో పిల్లతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"అమ్మా, కాసిన్ని మంచినీళ్ళిత్తారేటి? పిల్ల నోరెండిపోతంది."

నేను నియమాలు చెప్పడానికి నోరు తెరిచాను. అలవాటు. ఇందుమతి కుర్చీలోంచే, "తీసుకో తల్లీ. నిండా ఉన్నాయట" అంది.

ఆవిడ వెనక మరొకరు, వారి వెనక ఇంకొకరు. సీసాలు, చెంబులు, ఒకాయనైతే టిఫిను క్యారేజీ గిన్నె తెచ్చాడు. సన్యాసిరావు గుమ్మంలో నిలబడి అందుకుని ఇస్తున్నాడు. కొన్నాక ఇన్నాళ్ళకు ఆ ట్యాంకు నిజంగా ట్యాంకులా పనిచేసింది అప్పుడే. దాని నిర్వహణాధికారిగా నేను చేయవలసిందల్లా పక్కకు తప్పుకోవడమేనని తెలిసింది.

ఆ సందడిలో విశ్వపతి గారు నా మోచెయ్యి తాకారు. గొంతు మారిపోయింది. కాగితం భాష పోయి మనిషి భాష వచ్చింది.

"నరహరి గారూ, ఆ మూల గది తలుపుకు గడియ పడుతుందాండీ?"

"పడుతుందండీ."

లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చారు. ముఖంలో గొప్ప శాంతి ఉంది. వచ్చి కూర్చుని, తనకూ ఒక గ్లాసు మంచినీళ్ళు ఇమ్మన్నారు. ఇచ్చాను. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఎండ వాలుతుండగా ఇందుమతి నడుం పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది. నేను తలుపు బయట నిలబడి, ఉన్నారా అని పిలుస్తున్నాను. కంగారులో భార్యను ఉన్నారా అని పిలిచిన సంగతి ఆమె తరవాత చెబితే తెలిసింది. తలుపు తీసుకుని వచ్చినప్పుడు చెంపలు తడిగా ఉన్నాయి, కానీ నవ్వుతోంది.

"పడిపోయింది" అంది.

"ఏదీ?"

"ఇంకెక్కడిది. మీ ట్యాంకులో."

క్రేను వచ్చి లారీని పక్కకు లాగాక పొద్దువాలే వేళకు పైకి చేరాం. రోడ్డు పక్కనే కొండవాలు నిండా వలిసె పూలు. ఇందుమతి దిగి, ఆ పసుపు మధ్యకు వెళ్ళి నిలబడి, ఎవరినీ పిలవకుండా చాలాసేపు చూసింది. నేను బండి మెట్టు మీద కూర్చుని ఆమెను చూశాను. మేనేజరు కుర్చీ పోయిందని నాకు తెలుసు. అప్పటికి ఆ దిగులు లేదు.

కానీ కుర్చీ పోలేదు. తిరిగి వచ్చాక విశ్వపతి గారు మూడు ట్యాంకుల ముందూ నిలబడి చాలా ఆలోచించారు. లోటు రాయాలంటే మిగులూ రాయాలి. మిగులు రాయాలంటే అది ఎవరిదో రాయాలి. చివరకు, "ఘాట్ మార్గపు వాలు కారణంగా గేజిని విశ్వసింప వీలుపడనందున, సదరు ప్రయాణములో తేడా లేనట్లుగా పరిగణించడమైనది" అని నివేదించారు. డైరెక్టరు గారు ఇంకో శాలువా కప్పారు. నేను మేనేజరునయ్యాను. ట్యాంకు నిర్వహణాధికారి బాధ్యత మాత్రం వేరే నిపుణుడు లేనందున నా దగ్గరే ఉంచారు.

తిరిగే కుర్చీలో కూర్చుని ఒక్క చుట్టు తిరిగానో లేదో పైనుంచి మొదటి మెమో వచ్చింది. ట్యాంకు ఖాళీ చేసినప్పుడు, నా నియమం ప్రకారమే, జల్లెడ పట్టారు.

"ఆదర్శ ప్రయాణములో సంస్థ జారీ చేయని చిన్న రాయి ఒకటి ట్యాంకునందు అదనముగా లభించినది. ఇది కొండ ప్రాంతమునకు చెందిన ఖనిజమా? అయినచో గనుల శాఖ అనుమతి లేకుండా సంస్థ వాహనములో ఖనిజమును తరలించుటకు గల కారణములను ట్యాంకు నిర్వహణాధికారి మేనేజరు ద్వారా తెలియజేయవలెను."

అంటే నేను నాకు సంజాయిషీ ఇచ్చి, దాని మీద నేనే అభిప్రాయం రాసి పైకి పంపాలి. రాయిని చిన్న డబ్బాలో పెట్టి స్టోరు గదిలో భద్రపరిచారు, మళ్ళీ లక్క ముద్ర వేసి. ఆ రాయి ఎలాంటిదో పరీక్ష చేయిస్తే ఇంకోటి రాకుండా ఏం తినాలో ఏం మానాలో చెప్పవచ్చని డాక్టరు గారు అంటున్నారు. ఇందుమతి రోజూ అడుగుతోంది, నా రాయి నాకు ఇప్పించండి అని. అది తనదేనని ఆమె రుజువు చేసుకోవాలి. విశ్వపతి గారు సాక్ష్యం చెప్పవచ్చు, కానీ చెబితే తాను ఆ గదిలోకి ఎప్పుడు వెళ్ళిందీ చెప్పాల్సి వస్తుంది. ఆయన సెలవు మీద ఉన్నారు.

నిన్న ఆఫీసులో ఆ సంజాయిషీ రాస్తూ ఉంటే నడుం పక్కన పొడిచినట్టయింది. లేవబోయి లేవలేకపోయాను. ఇందుమతి వచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు గారు స్కాను చూసి, ఈ మధ్య నీళ్ళు సరిగా తాగుతున్నారా అని అడిగారు. నా బల్ల మీద బోర్లించిన గ్లాసు కళ్ళముందు మెదిలింది. తాగడం లేదని నా బదులు ఇందుమతి చెప్పింది.

"చిన్న రాయే. కంగారు లేదు. నీళ్ళు బాగా తాగండి, దానంతటదే పడిపోతుంది" అన్నారాయన.

"ఆఫీసు వేళల్లో పడితేనండీ?" అన్నాను.

డాక్టరు గారికి అర్థం కాలేదు. ఇందుమతికి అర్థమైంది. సంచిలోంచి సీసా తీసి మూత విప్పి నా చేతికిచ్చింది. ఆ రోజు పిట్టగోడ మీద వదిలేసిన సీసాయే.

"అది ఇంట్లో పడేదాకా సెలవు పెట్టండి" అంది.

పెట్టాను. ఏ పని నిమిత్తం అన్నచోట, నీళ్ళు తాగు నిమిత్తం అని ఉన్న మాట రాశాను. దాన్ని మంజూరు చేయవలసినది మేనేజరు. మేనేజరు ఇంకా పరిశీలిస్తున్నాడు.